మడదిబ్బ ఊకొట్టమ్మ

ఏరు సముద్రంలో కలిసే చోట పడవ దిగి, బురదలో కాస్త నడిస్తే మడ అడవి నడుమ అమ్మవారి గుడి కనబడుతుంది. గర్భగుడిలో విగ్రహం లేదు. నడుమెత్తు నల్లరాయి, దాని అడుగున ఒక తొర్ర ఉంటాయి. పోటు నీరు తొర్రలోకి ఎక్కే వేళ రాయి "ఊ" అంటుంది. రాయి ఊకొట్టడమేమిటని నవ్వే యాత్రికులు కొందరుంటారు. విన్నాక వారూ నవ్వరు.

పూర్వం ఇక్కడ వలస వచ్చిన జాలర్లు గుడిసెలు వేసుకున్నారు. వారి పెద్ద లోవరాజుకు అమ్మవారు కలలో కనబడి, "నాకు పూజలొద్దు. సముద్రం మీ గుమ్మం ఎందుకు తొక్కడం లేదో నల్లరాయి దగ్గర రోజూ కథగా చెప్పండి. నేను ఊకొడతాను" అని ఆనతిచ్చింది. ఆ ప్రకారమే పోటు వేళ కథ జరిగేది. ఏరు ఒండ్రు తెస్తుంది, ఊ. ఒండ్రులో ఎండ్రకాయలు బొరియలు తవ్వుతాయి, ఊ. బొరియల గుండా మడచెట్ల వేళ్లకు గాలి ఆడుతుంది, ఊ. వేళ్లు నేలను పట్టుకుంటాయి, నేల సముద్రాన్ని ఆపుతుంది. పిల్లలు ఈ చోటి మర్మమంతా అలా వింటూనే నేర్చుకున్నారు.

కొన్నాళ్లకు ఎగువ సంతల్లో ఎండ్రకాయలకు గిరాకీ పెరిగింది. గుడ్లతో ఉన్నవాటిని కూడా వదలకుండా పట్టారు. ఒక సాయంత్రం కథ ఎండ్రకాయల దగ్గరకు రాగానే ఊ ఆగిపోయింది. కథ వింటున్న పిల్ల ఊకొట్టడం మానితే నిద్రపోయిందనుకుంటాం కదా, వారూ అలాగే అనుకున్నారు. "అమ్మకి కునుకట్టింది. సప్పుడు సెయ్యకుండా లెగండి" అన్నాడు లోవరాజు. అందరూ మునివేళ్లపై ఇళ్లకు పోయారు.

లోవరాజు కోడలు నూకాలు మాత్రం ఆ మాట నమ్మలేదు. మరునాడు చంటిపిల్లను చంకనేసుకుని వెళ్లి, ఒక్కతే కథను మొదటినుంచి చెప్పింది. ఏరు దగ్గర ఊ అన్న రాయి ఎండ్రకాయల దగ్గర మళ్లీ నోరు మూసింది. ఆమె బురదంతా వెతికింది. ఒక్క కొత్త బొరియ లేదు. పచ్చగా నిలిచిన మడచెట్టును తోసి చూస్తే, వేళ్లు కుళ్లి పక్కకు ఒరిగింది. ఆమె మామ దగ్గరకు పరుగెత్తింది.

"మావయ్యా, అమ్మ నిద్దరోలేదు. బయపడి ఊరుకుంది" అని చెప్పింది.

"సెట్లు పచ్చగానే ఉన్నాయి కదమ్మా, బయమేటి నీకు?" అన్నాడు లోవరాజు.

నూకాలు పిల్లతో ఎగువ మెరకకు వెళ్లిపోయింది. రమ్మని ఎంత బతిమాలినా ఆమె భర్త పేర్రాజు, "పడవొగ్గేసి నానెక్కడికీ రాను" అన్నాడు. ఆ కార్తీకంలోనే ఉప్పెన వచ్చింది. మడచెట్లు మొదళ్లతో సహా లేచిపోయాయి. ఆమె దిగివచ్చేసరికి గుడిసెలు లేవు, రాయి ఉంది. దుంగ పట్టుకుని లోవరాజు బతికాడు. పేర్రాజు దొరకలేదు.

మామ గంపలతో ఎండ్రకాయలను తెచ్చి వదిలాడు, కోడలు మడ మొక్కలు నాటింది. కథ రోజూ చెప్పారు. ఏళ్ల తరువాత ఒకనాటి పోటుకు రాయి ఊ అన్నది. నూకాలు రాయిని కౌగిలించుకుని, భర్తను పేరుపెట్టి పిలుస్తూ ఏడ్చింది.

నేటికీ కార్తీక పౌర్ణమినాడు ఇక్కడ కథే పూజ. ఆ ఏడు ఈ చోట వచ్చిన మార్పులన్నీ కథలో చేర్చాలి, ఏదీ దాచరాదు. చివరిదాకా విన్నవారికి నీటిగండం తప్పుతుందని నమ్మకం. నిరుడు కొత్తగా తవ్విన రొయ్యల చెరువుల మాట చేర్చారు. పోటు నిండుగా ఉంది. రాయి పలకలేదు. ఈ ఏడు భక్తులు పెందలాడే రావలసిందిగా, పిల్లలను తప్పక వెంట తేవలసిందిగా మనవి.