గిజిగాడి సరసం

ఒకప్పుడు గిజిగాళ్లకు గూడు కట్టడం వచ్చేది కాదు. ఒక్క పరకనైనా అల్లేవి కావు. వాటికి వచ్చిందల్లా తియ్యగా మాట్లాడటం.

వాగు ఒడ్డున ఈతచెట్టు మీద ఒక గిజిగాడు ఉండేవాడు. అతనికి ఆ విద్య మరీ బాగా వచ్చు. పొద్దున్నే కాకి పక్కన వాలి, "పిన్నీ, నీ నలుపు ముందు నేరేడుపండు ఏపాటి?" అనేవాడు. కొంగ నీళ్లలో నిలబడితే, "నువ్వు దిగాకే ఈ వాగుకు అందం వచ్చింది" అనేవాడు. కాకి నవ్వేది. కొంగ మెడ ఇంకాస్త చాచేది.

అదే నోటితో జాజి అనే ఆడపిట్టతో, "నిన్ను చూడందే నాకు గింజ గొంతు దిగదు. నీకు నేనున్నాను" అన్నాడు.

జాజి నమ్మింది. ఈతమట్టల సందులో నాలుగు పరకలు వేసుకుని గుడ్లు పెట్టింది.

ఒక మధ్యాహ్నం గాలివాన వచ్చింది. మట్టలు ఊగిపోయాయి. జాజి రెక్కలు కప్పి కూర్చుని అతన్ని పిలిచింది. అతను అవతలి ఒడ్డున గోరింకతో కబుర్లాడుతున్నాడు. గుడ్లు జారి వాగులో పడిపోయాయి.

వాన వెలిశాక వచ్చి చూశాడు. "నేనేదో సరసానికి అన్నాను జాజీ" అన్నాడు.

"కాకితో ఆడిందీ సరసమే, కొంగతో ఆడిందీ సరసమే, నాతోనూ సరసమేనా? ఏది ఆటో, ఏది మనసులో మాటో నాకెలా తెలుస్తుంది?" అంటూ జాజి ఎగిరిపోయింది.

అతను కాకి దగ్గరికి వెళ్లి తల వంచుకు కూర్చున్నాడు.

"నాతో ఆడింది ఆటేనని నాకు తెలుసురా. అందుకే నవ్వాను" అంది కాకి. "ఆ పిల్ల నీ మాట నమ్మి గుడ్లు పెట్టింది. నీకు నిజంగా మనసుంటే అది కంటికి కనబడాలి."

మళ్లీ తొలకరి వచ్చింది. గిజిగాడు వరి ఆకును ముక్కుతో సన్నగా చీల్చి ఈతమట్టకు ముడి వేశాడు. జారిపోయింది. మళ్లీ వేశాడు. ముక్కు నొప్పి పుట్టినా మానలేదు. గుడిగంట ఆకారంలో సగం గూడు అల్లాడు. దానికి వేలాడుతూ, రెక్కలు టపటపలాడిస్తూ పిలిచాడు.

"జాజీ, వచ్చి లాగి చూడు. ఊడితే మళ్లీ కడతాను."

జాజి వచ్చి లాగింది. రెండు పోగులు ఊడాయి. వెళ్లిపోయింది.

అతను అంతా విప్పేసి, ఇంకా బిగువుగా అల్లి పిలిచాడు. జాజి లోపల కూర్చుని ఊగింది. ముక్కుతో గట్టిగా లాగింది. ఒక్క పోగూ కదల్లేదు.

"వాకిలి ఎటు పెడతావు?" అంది.

గిజిగాడికి ప్రాణం లేచొచ్చింది. వాన లోపలికి రాకుండా వాకిలిని పొడుగ్గా కిందికి దించి అల్లాడు. ఆ ఏడూ గాలివాన వచ్చింది. గూడు ఊగింది గాని ఒక్క గుడ్డూ జారలేదు.

పిల్లలు కళ్లు తెరిచిన రోజు అతను లోపలికి తొంగిచూసి, "అరుపంతా వాళ్లమ్మదే" అన్నాడు. జాజి ముక్కుతో ఒక్కటి పొడిచి నవ్వింది.

అప్పటినుంచే మగ గిజిగాడు ముందు సగం గూడే కట్టి, దానికి వేలాడుతూ రెక్కలు ఆడిస్తూ పిలుస్తాడు. ఆడపిట్ట వచ్చి పోగులు లాగి చూస్తుంది. ఆమెకు నచ్చాకే వాకిలి అల్లుతాడు.