జోడు రోకలి

ఒక ఊళ్ళో రోలు ఒక్కటే ఉండేది. అందులో దంచే మనిషీ ఒక్కతే. ఆవిణ్ణి అందరూ దంపుడమ్మ అనేవాళ్ళు. ఊరి నడిమధ్యన, కాస్త ఎడమకు ఒరిగిన చిన్న గదిలో ఆవిడ రోలు.

ఆ ఊరివాళ్ళకు దాచుకోవడం తెలీదు. దంపుడమ్మ దంచిన పిండిలో బెల్లం కలిపి, అప్పటికప్పుడు చలిమిడి ముద్దలు చేసి వీధివీధికీ పంచేవాళ్ళు. ముద్ద అందినంతసేపే నడిచేవాడి కాలు నడిచేది, చూసేవాడి కన్ను చూసేది. అందకపోతే ఎక్కడివాళ్ళక్కడ కూలబడేవాళ్ళు. ఇంత చాకిరీ చేస్తున్నా ఆవిణ్ణి పలకరించిన పుణ్యాత్ముడు లేడు. చప్పుడు వినబడుతున్నన్నాళ్ళూ రోకలి గురించి ఎవడనుకుంటాడు చెప్పండి!

ఒకరోజు పట్టపగలు, ఎత్తిన రోకలి ఎత్తినట్టే ఆగిపోయింది. ఎందుకో దంపుడమ్మకే తెలీలేదు. చెయ్యి ఉంది, రోకలి ఉంది, దించాలన్న సంగతే గుర్తుకు రాలేదు. ఊరు ఊరంతా కళ్ళు తేలేసింది. ఊరిపెద్ద మెట్ల మీంచి దొర్లి ముక్కు పగలగొట్టుకున్నాడు. అంతలోనే రోకలి పడింది, అందరూ లేచి దుమ్ము దులుపుకున్నారు. ఊరిపెద్దకు పట్టుకున్న భయం మాత్రం వదల్లేదు.

ఆయన పక్క ఊరి నుంచి కమ్మరిని పిలిపించాడు. కమ్మరి ఆ గది చూరు కింద గోడకు ఎడమవైపు కన్నం పెట్టి, బొటనవేలంత లావున్న ఇనప రోకలిని తాడుతో దూలానికి వేలాడదీసి, కన్నం పూడ్చేశాడు. పూడ్చినచోట గోడ బొడిపె కట్టింది.

"అమ్మా, ఇది ఊరికే వేలాడుతుంది," అన్నాడు కమ్మరి. "నీ రోకలి పడాల్సిన వేళకు పడకపోతే ఇది పడుతుంది. సూదంటురాయిని మాత్రం దగ్గరికి రానివ్వకు. అప్పుడప్పుడూ వచ్చి తాడు చూసి పోతుంటాను, అరిగితే మారుస్తాను."

దంపుడమ్మ తల ఊపింది గానీ, ఒళ్ళు మండిపోయింది. మండదా మరి? దంపుళ్ళ దగ్గర ఒక మర్యాద ఉంది. ఒకరు దంచుతున్న రోట్లో రెండోవాళ్ళు జోడు రోకలి వెయ్యాలంటే, మొదటామె "సువ్వి" అని పిలవాలి. పిలవకుండా వేస్తే జుట్లు పట్టుకునేదాకా పోతుంది. ఈ ఇనప ముక్కేమో గోడ చీల్చుకుని మరీ దిగింది.

"నిన్నెవరు పిలిచారు?" అని అడిగింది దంపుడమ్మ.

"నువ్వు పిలవలేదు," అంది ఇనప రోకలి.

"మరెందుకొచ్చావు?"

"నువ్వు మానితే ఉంటానని."

"నేను మాననుగాక మానను!"

"అయితే నాకు పని లేదు."

ఆ మాట తిట్టు కన్నా ఎక్కువ మంట పుట్టించింది. సందు దొరక్కుండా దంచితే ఇదేం చేస్తుందో చూద్దామని దంపుడమ్మ కొంగు బిగించింది. ఎడాపెడా దంచింది. ఊళ్ళో ముద్దలు కుప్పపడ్డాయి, జనానికి ఉన్నచోట కాలు నిలవలేదు, చంటిపిల్లలు కూడా ఒళ్ళోంచి దూకుతున్నారు. ఇనప రోకలి కదల్లేదు. చివరికి ఆవిడకే ఆయాసం వచ్చి గోడకు చేరబడబోయింది. ఠప్ మని ఒక పోటు పడింది. మెత్తగా, సరిగ్గా పడాల్సిన చోట.

ఆవిడ గబుక్కున చిటికెడు పిండి తీసి వేళ్ళ మధ్య నలిపి చూసింది. పలుకు తగుల్తుందేమో, తిట్టొచ్చు కదా అని. వంక దొరకలేదు. దాంతో ఇంకా మండింది.

అలా కొన్నాళ్ళు మూతి ముడుచుకునే దంచింది. గోడ బొడిపె కనబడకుండా దాని మీద పాత చీర ఆరేసింది. తర్వాత్తర్వాత ఒక సంగతి గమనించింది. ఈ వచ్చిన రోకలి తన రోకలికి ఒక్కసారీ తగల్లేదు. పూర్వం సొంత అక్కతో కలిసి దంచినప్పుడు కూడా రోకళ్ళు ఠకామని గుద్దుకునేవి, పొమ్మంటే పొమ్మని ఇద్దరూ పోట్లాడుకునేవాళ్ళు. ఇదేమో తను పోటు వేసినప్పుడల్లా తప్పుకుని నిలబడుతోంది. గొప్పలు చెప్పుకోదు, సలహాలివ్వదు. ఇంతకన్నా మంచి జోడీ ఎక్కడ దొరుకుతుంది?

ఒకరోజు పొద్దున్నే చీర తీసేసి, పైకి చూసి, "సువ్వి," అంది.

ఇనప రోకలి పలకలేదు.

"నోరు పడిపోయిందా? బదులు సువ్వి అనాలి."

"నాకు పడడమే వచ్చు."

"సరే ఏడువు. ఇద్దరి పాటా నేనే పాడుకుంటాలే."

వాళ్ళిద్దరికీ కుదిరింది. కుదరనిది ఊరిపెద్దకు. రోజూ వచ్చి గోడకు చెవి పెట్టేవాడు. కమ్మరి చెప్పిన జాగ్రత్త ఒక్కటే, దాన్ని దంపుడమ్మ బుద్ధిగా పాటిస్తోంది. ఈయన దానికి తోక తగిలిస్తూ పోయాడు. ఊళ్ళో ఎవరూ పరిగెత్తకూడదన్నాడు. ఎడమ చెయ్యి ఎత్తకూడదన్నాడు. గట్టిగా నవ్వితే ముద్ద త్వరగా అరిగిపోతుందన్నాడు. పాపం, ఆయనా మంచికే చెప్పాడు. మంచికే చెప్పేవాళ్ళతోనే కదా చావొచ్చేది!

ఇంతలో తొలకరి పడింది. తొలకరి పడితే ఊరంతా డప్పులు కట్టుకుని గుట్టెక్కి చిందెయ్యడం ఆనవాయితీ. దంపుడమ్మ ఎన్నడూ గుట్ట చూసింది లేదు. కానీ పైన చిందేస్తుంటే ఆ అదురు నేలలోంచి వచ్చి ఆవిడ అరికాళ్ళకు తగిలేది. ఏడాది పొడుగునా ఆవిడ దంచేది ఆ ఒక్క అదురు కోసమే.

ఊరిపెద్ద గుమ్మంలో నిలబడి, "ఈ ఏడు చిందు లేదు. ఇక ముందూ ఉండదు. నీకోసమే మానిపించాను," అన్నాడు.

దంపుడమ్మ పోటు ఆపకుండానే తలెత్తింది. "నేనడిగానా?"

"గుట్టెక్కాలంటే ముద్ద మీద ముద్ద కావాలి. నువ్వు దంచలేవు."

"దంచలేనని నీకెవరు చెప్పారు?"

"ఆరోజు పడింది నేను కదా! నా ముక్కు చూడు."

"నీ ఒక్క ముక్కు కోసం ఊరంతా చతికిలబడాలా?"

"మళ్ళీ పడితే?"

"రోట్లో తల పెట్టి రోకటిపోటుకు వెరిస్తే ఎట్టాగయ్యా? పడ్డ రోజున పడతాం. పడతామేమోనని ఇప్పట్నించే పడుకోమంటావా? కూర్చున్న ఊరికి దంచిపెట్టే ఓపిక నాకు లేదు. వాళ్ళు ఎక్కుతారా, రోకలి కింద పెట్టనా?"

ఊరిపెద్ద ముఖం పాలిపోయింది. ఊళ్ళో ఇళ్ళ తలుపులన్నీ తీయించాడు.

ఊరు కదిలింది. డప్పు మోగింది. దంపుడమ్మ కాళ్ళు ఎడం పెట్టి, అరచేతుల్లో ఉమ్మేసుకుని, "సువ్వి" అని మొదలుపెట్టింది. జనం పైకెక్కేకొద్దీ పోటు పెరిగింది. జాకెట్టు తడిసి ముద్దయింది, చెంపల మీద పిండి చెమటతో కలిసి కారింది. ఊరిపెద్ద గుట్టెక్కలేదు. గది బయట కిటికీ ఊచలు పట్టుకుని అటు గుట్టనూ ఇటు రోలునూ మార్చి మార్చి చూస్తున్నాడు. జనం నిట్టనిలువు మలుపు దగ్గరికి వచ్చేసరికి దంపుడమ్మ ఊపిరి బుసలు కొట్టింది. అది చూసి ఆయన ఆగలేకపోయాడు.

"ఆగండి! ఆగండి! చచ్చిపోతాం!" అని గొంతు చించుకున్నాడు.

డప్పుల హోరులో ఆ అరుపు గుట్ట మీదివాళ్ళకు వినబడనేలేదు. జనం మలుపు దాటారు, పైకి చేరారు, చిందు మొదలైంది. కాసేపటికి నేల అదిరింది. అరికాళ్ళకు ఆ అదురు తగలగానే దంపుడమ్మ పకపకా నవ్వింది, కళ్ళ వెంట నీళ్ళు కారిపోతున్నా తుడుచుకోలేదు. చేతులు ఖాళీ లేవు కదా.

అప్పుడు ఊరిపెద్ద బంతిపూల దండ పట్టుకుని లోపలికి వచ్చాడు. దంపుడమ్మను దాటుకుని ఇనప రోకలి ముందు నిలబడ్డాడు.

"ఊరిని గుట్టెక్కించింది నువ్వే. లేకపోతే ఈవిడ వల్ల అయ్యేదా! ఇవాళ ఎన్నిసార్లు పడ్డావో చెప్పు, ఊరికి చాటిస్తాను."

"ఒక్కసారి," అంది ఇనప రోకలి.

"ఒక్కసారేనా? ఎప్పుడు?"

"నువ్వు ఆగండని అరిచినప్పుడు. ఆవిడ ఉలిక్కిపడింది."

ఊరిపెద్ద చేతిలో దండ అలాగే ఉండిపోయింది. ఎవరి మెడలో వెయ్యాలో, అసలు వెయ్యాలో వద్దో తోచలేదు.

దంపుడమ్మ తిట్టలేదు. దోసెడు గింజలు రోట్లో పోసి, ఒక చలిమిడి ముద్ద తీసి ఆయన చేతిలో పెట్టింది.

"చిందు ఇంకా అయిపోలేదు. పోయి ఎక్కు," అంది.

"నేనా?"

"నువ్వే. నేను దంచుతున్నాను."

ఊరిపెద్ద ముద్ద నోట్లో వేసుకుని గుట్ట మొదటికి వచ్చాడు. తల ఎత్తి చూసి, ఒకసారి ముక్కు తడుముకున్నాడు. వెనక గదిలో రోకలి పోటు పడింది. అది ఎవరిదో ఆయన తిరిగి చూడలేదు. ఎక్కడం మొదలుపెట్టాడు.