నిలుచున్నమ్మ కూర్చున్న బండ

పూర్వం కొరియా దేశాన్ని గొర్యో రాజులు ఏలుతున్న కాలంలో హాన్ యుంబో అనే మహాపండితుడు ఆస్థానంలో ఉన్నతోద్యోగిగా ఉండేవాడు. సకలశాస్త్రాలూ చదివినవాడే గానీ, పరధ్యానంలో ఆయనకు ఆయనే సాటి. యుద్ధంలో చెరపట్టిన మూడు వందల మందిని విడిచిపెట్టమని పరదేశపు చక్రవర్తికి రాజు స్వయంగా లేఖ వ్రాసి, ఎర్రని లక్కపెట్టెలో ఉంచి, ఒక లేఖకుణ్ణి తోడిచ్చి, యుంబోను రాయబారిగా పంపాడు.

ఆ దేశంలో రాజలేఖ అంటే సాక్షాత్తూ రాజే. దాన్ని ఎత్తైన చోటనే ఉంచాలి, దాని ఎదుట ఎవరూ కూర్చోరాదు. సముద్రం దాటేముందు చివరి దీవిలో రాజధాని దిక్కుకు మ్రొక్కడం ఆచారం గనుక, యుంబో పెట్టెను కొండకొమ్మున బండ మీద ఉంచి సాష్టాంగపడ్డాడు. అంతలో అనుకూలమైన గాలి వీచింది, ఓడ నడిపే సరంగు త్వరగా ఎక్కమని కేకలు మొదలుపెట్టాడు. లేఖకుడు తెస్తాడని దొరగారు, దొరగారు తెస్తారని లేఖకుడు, ఇద్దరూ చేతులూపుకుంటూ ఓడెక్కారు!

మరునాడు ప్రాతఃకాల నమస్కారానికి వెళితే, ఓడలో లేఖ కోసం అమర్చిన పీఠం ఖాళీ. యుంబో సరంగు దగ్గరకు పరుగెత్తాడు.

"ఓడ వెనక్కి తిప్పు నాయనా!"

"అరిష్టమండీ! రాయబారి వెనుదిరిగాడని తెలిస్తే మీ తల తీస్తారు," అని సరంగు మొత్తుకున్నాడు.

"పోతే నాది ఒక్క తలే. ఆ మూడు వందల మంది మాటేమిటి?"

దారి పొడుగునా జడివాన. లేఖ తడిసి ముద్దయి ఉంటుందని యుంబో లేఖకుణ్ణి వెంటబెట్టుకుని ఏడుస్తూనే కొండెక్కాడు. చూస్తే, పెట్టె పొడిగా ఉంది! సముద్రంలో మునిగి ఆల్చిప్పలు ఏరుకు బతికే దోల్లే అనే ముసలావిడ, బండ పక్కన నిలబడి, గడ్డితడికను కర్రతో పెట్టె మీదికి ఎత్తి పట్టుకుని ఉంది. నిన్నటి నుంచీ అలాగే ఉందట, మహాతల్లి!

"కాసేపైనా కూర్చోకపోయావా అమ్మా?"

"రాజుగారి ముందు ఎట్టా కూర్చునేదయ్యా? ఇంటికి తీసుకుపోదామంటే నా గుడిసె పల్లంలో ఉందాయె. చెరలో ఉన్నవాళ్లలో మా పెద్దోడూ ఉన్నాడు బాబూ."

యుంబో ఆమెకు చేతులు జోడించాడు. పెట్టెను లేఖకుడి చేతికిచ్చి, ఆ అవ్వను అదే బండ మీద కూర్చోబెట్టి, తాను ఎదురుగా చేతులు కట్టుకు నిలబడ్డాడు. పిమ్మట సముద్రం దాటి చక్రవర్తిని మెప్పించి, మూడు వందల మందినీ వెంటబెట్టుకొచ్చాడు. ఓడ మొదట ఆ దీవికే చేరింది, మొదట దిగినవాడు దోల్లే కొడుకు.

నేటికీ ఆ బండ పక్కన చిన్న గుడి ఉంది, పేరు నిలుచున్నమ్మ గుడి. పండుగనాడు దీవిలోకెల్లా వయసులో పెద్దదైన ఆల్చిప్పల అవ్వను ఆ బండ మీద కూర్చోబెడతారు. అధికారులైనా సరే, ఎదుట నిలబడవలసిందే. "ఇక చాల్లే, కూర్చోండర్రా" అని ఆమె అన్నాకనే అందరూ కూర్చుంటారు.