ముక్కమ్మ బ్యాంకు, నోరు విప్పిన సూదెమ్మ

అనగనగా ఒక అడవిలో ఒక బ్యాంకు ఉండేది. నవ్వకండి పిల్లలూ. వానాకాలంలో అక్కడ తిండి దొరకదు. దాచుకోవాలిగా మరి!

ఆ బ్యాంకు ఒక నల్లమద్ది చెట్టు మొదట్లో, తొర్రలో ఉండేది. దాన్ని నడిపేది ముక్కమ్మ అనే పిట్ట. ఆవిడ ముక్కు జానెడు. తొర్రకి మట్టి మెత్తి, కాలు పట్టేంత సందు మాత్రం వదిలి, లోపల కూర్చునేది. ఎండాకాలంలో జంతువులు తిండి తెచ్చి దాచుకునేవి. వానల్లో కొంచెం కొంచెంగా తీసుకునేవి.

ఆ సందులోంచి ముక్కమ్మకి మొహాలు కనపడవు. అందుకని ప్రతివాళ్లకీ గుర్తు చెక్కిన వెదురుబద్ద ఒకటి ఇచ్చింది. దాని పేరు కార్డు. కార్డు లోపలికి తోసి, చెట్టుమీద తట్టాలి. ఎన్నిసార్లు, ఎలా తట్టాలో ఎవరిది వాళ్లకే తెలుసు.

"తట్లు ఎవరికీ చెప్పొద్దు," అనేది ముక్కమ్మ. "మీ అమ్మ అడిగినా చెప్పొద్దు. నేను అడిగినా చెప్పొద్దు. నేనెందుకు అడుగుతాను? నాకు తెలుసుగా!"

అందరూ తలలూపేవారు. తలూపడం తేలిక.

వానలు మొదలవగానే చెట్టు దగ్గరికి ఒక నక్క వచ్చాడు. మెడలో తంగేడుపూల దండ వేసుకున్నాడు. తనకు తనే సేవాదాసు అని పేరు పెట్టుకున్నాడు. "యజమానులు మీరు! సేవకుణ్ణి నేను!" అని పొద్దున్నే నినాదాలిచ్చేవాడు.

మొదట బొర్రయ్య వచ్చాడు. ఆయన ఎలుగుబంటి. తడిసిపోయి, విసుక్కుంటూ ఉన్నాడు.

"అయ్యయ్యో బాబాయ్ గారూ! మీ అంతటివారు వరసలో నిలబడటమా? కార్డిటివ్వండి. తట్లు చెవిలో చెప్పండి. క్షణంలో తెస్తా," అన్నాడు నక్క.

"అంతటివారు" అన్న మాట బొర్రయ్యకి తేనెకన్నా తీపిగా తగిలింది. చెప్పేశాడు. నక్క ఒక తేనెపట్టు తెచ్చి చేతిలో పెట్టాడు. వెనక్కిచ్చిన కార్డు మాత్రం వేరేది.

మర్నాడు బొర్రయ్య ఆ కార్డు లోపలికి తోశాడు.

"ఇది ఉత్త పుల్ల కదయ్యా! ఎవరది బయట?" అంది ముక్కమ్మ.

నక్క కార్డు మార్చేశాడని బొర్రయ్యకి అర్థమైంది. చెప్పాలా? ఇంత లావు జంతువుని నక్క ముంచాడంటే అడవంతా నవ్వదూ? ఆయన గొంతు మార్చాడు.

"ఎవరూ లేరండీ," అని వెళ్లిపోయాడు.

అడిగినవాళ్లకి ఉపవాసం పట్టానని చెప్పాడు. నక్క మాత్రం ఆయన కార్డుతో రోజుకో తేనెపట్టు లాగించాడు.

రెండోది పింఛాలరావు. నెమలి. ఒకరోజు అతను నడుస్తుంటే పొదలోంచి ముక్కమ్మ గొంతులాంటి గొంతు వినిపించింది.

"నీ కార్డు ఈ సాయంత్రంతో రద్దు! వెంటనే ఇటు విసిరి, తట్లు రాయిమీద వినిపించు. లేకపోతే నీ వెదురుబియ్యం అంతా పోతుంది!"

పింఛాలరావు వెంటనే నమ్మేశాడు. విసిరాడు. వినిపించాడు. పొదలోంచి తంగేడుపువ్వు ఒకటి రాలింది. అప్పుడు అర్థమైంది. కానీ అంత అందగాడు అంత తెలివితక్కువ పని చేశాడని ఎలా చెప్పుకుంటాడు?

"సన్నబడితే నాట్యం బాగుంటుందని తినడం మానేశా," అన్నాడు అందరితో.

బొర్రయ్య, పింఛాలరావు ఒకే బండకింద తలదాచుకునేవారు. ఒకరి కడుపు చప్పుడు ఒకరికి వినిపించేది. అయినా ఇద్దరూ వాన గురించే మాట్లాడుకునేవారు.

మూడోది సూదెమ్మ. ముళ్లపంది. ఇంట్లో ముగ్గురు పిల్లలు. వాళ్లు వానలు దాటాలంటే బ్యాంకులో దాచిన దుంపలే దిక్కు.

"అక్కా! నీకు బహుమతి తగిలింది! పది గంపల దుంపలు! నీ కార్డుమీద ముద్ర కొట్టించాలి. తట్లు కూడా చెప్పు, ఆలస్యమైతే ఇంకొకరికి పోతుంది!" అన్నాడు నక్క.

పది గంపలంటే పిల్లలు కడుపునిండా తింటారు. సూదెమ్మ కార్డిచ్చింది, తట్లు చెప్పింది. నక్క చెట్టువైపు పరుగెత్తాడు.

బహుమతి ఇచ్చేవాడికి నా తట్లెందుకు?

ఆ ఆలోచన రాగానే సూదెమ్మకి మోసం అర్థమైంది. చుట్టూ చూసింది. కొమ్మమీద కోతులున్నాయి. అరిస్తే నవ్వుతాయి. అరవకపోతే పిల్లలు పస్తులుంటారు.

ఒళ్లంతా విదిలించింది. ముళ్లు గలగలమని మోగాయి.

"దొంగ! దొంగ! నా కార్డు కొట్టేశాడు! తట్లు కూడా నేనే చెప్పేశాను! ముక్కమ్మ పిన్నీ, ఏమీ ఇవ్వకు! ఆపెయ్!"

అప్పటికే నక్క తట్టడం అయిపోయింది. దుంపలకోసం కాలు సందులో పెట్టి ఉన్నాడు. లోపల జానెడు ముక్కు టప్పున మూసుకుంది.

"కుయ్యో!"

ముక్కమ్మ ముక్కు వదలకుండానే, నంగినంగిగా అడిగింది. "సూదెమ్మా, ఈ కాలు నీదేనా?"

"నా నాలుగు కాళ్లూ నా దగ్గరే ఉన్నాయి పిన్నీ!"

కోతులు పడీపడీ నవ్వాయి. "తట్లు కూడా చెప్పేసిందట! ఎంత తెలివో!"

సూదెమ్మ ముళ్లన్నీ నిక్కబొడుచుకున్నాయి.

"నవ్వండి! నేను నమ్మాను. వాడు దోచాడు. మీరు నన్ను చూసి నవ్వుతున్నారు. వాణ్ణి చూసి ఒక్కరికైనా కోపం రాలేదేం?"

ఆ గోలకి జంతువులన్నీ చెట్టు దగ్గర చేరాయి. అప్పుడు వెనకనుంచి చిన్న దగ్గు వినిపించింది.

"నా కార్డు కూడా..." అన్నాడు బొర్రయ్య.

"నాదీ..." అన్నాడు పింఛాలరావు. వెంటనే బొర్రయ్యవైపు తిరిగాడు. "ఉపవాసమన్నావుగా?"

"నువ్వు నాట్యమన్నావుగా?"

"మీ ఇద్దరూ అప్పుడే నోరు విప్పి ఉంటే వాడు నా దాకా వచ్చేవాడా?" అంది సూదెమ్మ.

నక్క గుహ వెతికితే దోసెడు వెదురుబియ్యం దొరికింది. తేనె చుక్క కూడా లేదు.

"కార్డు పోయిన రోజే చెప్పి ఉంటే, ఆ రోజే ఆపేదాన్ని కదయ్యా," అంది ముక్కమ్మ.

సూదెమ్మ దుంపలు మాత్రం ఒక్కటీ పోలేదు. ఆ సాయంత్రం ఆమె పిల్లలు కడుపునిండా తిన్నారు. బండకిందికి రెండు దుంపలు పంపారు కూడా. ఎలుగుబంటి ఉపవాసం, నెమలి నాట్యం ఆ పూటతో ముగిశాయి.

నక్కకి అడవి వేసిన శిక్ష ఏమిటో తెలుసా? కోరుకున్న ఉద్యోగమే! వానాకాలమంతా వాచిన కాలుతో ఆ చెట్టుకిందే కూర్చోవాలి. వచ్చిన ప్రతివాళ్లకీ దండం పెట్టి చెప్పాలి:

"యజమానీ, తట్లు నాకు చెప్పకండి!"

నీతి: కార్డు రహస్యం ఎవరడిగినా చెప్పకూడదు. పొరపాటున చెప్పేస్తే దాచుకోకుండా ఆ క్షణమే బ్యాంకుకి చెప్పాలి. సిగ్గుపడాల్సింది దోచినవాడే.