నరసింగం బండి అద్దానికి వణుకు

కొమ్మలపాడులో గాజుల నరసింగం ఇంట్లో ముగ్గురే మనుషులు. నరసింగం, అతని భార్య మంగతాయారు, తమ్ముడు కోటిలింగం. ఊళ్ళో ఉన్న తెలివంతా తమ ఇంట్లోనే ఉందని ముగ్గురికీ గట్టి నమ్మకం. అది బయటికి కారిపోతుందేమోనని నడివేసవిలో కూడా కిటికీలన్నీ బిగించుకుని పడుకునేవాళ్ళు. ఒళ్ళంతా చెమటలు కారినా తెలివి మాత్రం చుక్క కూడా కారలేదని నరసింగం పొద్దున్నే లేచి తెగ సంబరపడేవాడు.

వాళ్ళ నాన్న గాజులు గుచ్చిన మలారం భుజాన వేసుకుని ఊరూరా నడిచి తిరిగినవాడు. నరసింగం మాత్రం గాజులమ్మడానికి ఒక పాత మోటారు సైకిలు కొన్నాడు. అది స్టార్టయిందంటే ముందు చక్రం నుంచి వెనక లైటు దాకా గడగడలాడిపోయేది. అద్దంలో చూస్తే వెనకున్నది ఒకటి రెండుగా కనబడేది. ఓసారి వెనక లారీ వచ్చింది. అద్దంలో రెండు లారీలు. నరసింగం పక్కకి తప్పుకుని మొదటిదానికి దారిచ్చాడు. రెండోది వస్తుంది కదా అని పొద్దుగూకేదాకా అక్కడే నిలబడ్డాడు. అది రాలేదు. "పాపం, ఎక్కడో పంచరయి ఉంటుంది" అని జాలిపడి ఇంటికొచ్చాడు.

ఇలా ఉండగా చింతలవరం సర్పంచిగారింటి నుంచి కబురొచ్చింది. కోడలికి సీమంతం, మధ్యాహ్నంలోగా వచ్చి గాజులు తొడగమని. ఆ ఇంటి ఆడపడుచులందరికీ ఒకప్పుడు వాళ్ళ నాన్నే గాజులు తొడిగేవాడు. ఆయన పోయాక ఆ గడప నుంచి పిలుపు రావడం ఇదే మొదలు. నరసింగానికి కళ్ళు చెమ్మగిల్లాయి.

"ఒరే తమ్ముడూ, నాన్న పేరు నిలబెట్టాలిరా!"

"నిలబెడదాం అన్నా. గోడకి ఆనించి నిలబెడదామా, ఊరికే నిలబెడదామా?"

సర్పంచిగారింటికి అద్దం వణికే బండి మీద వెళ్తే ఏం బాగుంటుందని ముందు మెకానిక్కు మస్తాను దగ్గరికెళ్ళారు. మస్తాను ఏదో బండి కింద దూరి ఉన్నాడు. తల బయట పెట్టకుండానే, "ఆ బండికి వణుకు ఎక్కువ. హ్యాండిలు మీద కాస్త బరువు పెడితే అద్దం కుదురుగా ఉంటుంది. సాయంత్రం రండి, చూస్తా" అన్నాడు.

సాయంత్రం దాకా సీమంతం ఆగదు కదా! "ఈ మాత్రం మనం చేసుకోలేమా?" అని బండిని ఇంటికి తోలుకొచ్చారు.

"వణుకంటే చలే కదా" అంది మంగతాయారు. అంతే. ఇంజను మీద కంబళి కప్పింది. అద్దానికి శొంఠి పట్టు వేసి, మామగారి మంకీ క్యాపు తొడిగింది. బండి స్టార్ట్ చేశారు. కాసేపటికి కంబళిలోంచి పొగలొచ్చాయి. "ఆవిరి పడుతోంది, చలి దిగిపోతుంది!" అని చప్పట్లు కొట్టాడు కోటిలింగం. నరసింగం అద్దం వైపు చూశాడు. టోపీలో వణుకే కనబడలేదు. ఇంకేమీ కూడా కనబడలేదు.

"ఒసేయ్, వణుకుతో పాటు మన వెనకంతా పోయిందే! మన ఇల్లు వెనకే కదా ఉంది!"

ఇంకేముంది, ముగ్గురూ ఘొల్లుమన్నారు. ఏడుస్తూనే మంగతాయారు ముక్కు తుడుచుకోవడానికి టోపీ లాగింది. అద్దంలో ఇల్లు మళ్ళీ కనబడింది. "వచ్చేసింది, వచ్చేసింది!" అని ఇంటికి దిష్టి తీశారు.

"ఇక మిగిలింది బరువు" అన్నాడు నరసింగం. "ఇంట్లో బరువున్నదేమిటి?"

"ఇంకేముంది? ఇంటి బరువంతా నా మీదే ఉందని వదిన రోజూ అంటుందిగా!" అన్నాడు కోటిలింగం.

అంతే. మంగతాయారుని ఎత్తి హ్యాండిలు మీద కూర్చోబెట్టారు. వెనక కోటిలింగం గాజుల పెట్టె ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. నరసింగానికి ముందర భార్య వీపు తప్ప ఏమీ కనబడలేదు. అయినా నాన్న పేరు తలుచుకుని బండి దూకించాడు.

"ఏమయ్యా, ఎదురుగా గుంత!" అని అరిచింది మంగతాయారు.

"ఎటు పోతోంది?"

"మన మీదికే వస్తోంది!"

"ఎంత పొగరు దానికి!" అని నరసింగం హారను మోగించాడు. గుంత తప్పుకోలేదు. ధభీమని అందులో పడ్డారు. మంగతాయారు ఎగిరి గడ్డివాము మీద పడింది. ఇంజను ఆగిపోయింది. అద్దం ఊడి నరసింగం చేతిలోకి వచ్చింది. పెట్టెలోంచి గలగలమని చప్పుడయింది.

"అన్నా, గాజులు గలగలా నవ్వుతున్నాయి! మంచి శకునం!"

నరసింగం చేతిలో అద్దం చూసుకున్నాడు. కదలడం లేదు! "వణుకు కట్టిందిరోయ్!" అని ఎగిరి గంతేశాడు. మిగిలిన దారంతా బండిని తోసుకుంటూ, అద్దాన్ని దేవుడి పటంలా పట్టుకుని, ముగ్గురూ చింతలవరం చేరారు.

సర్పంచిగారి కోడలు పద్మలీల పీట మీద కూర్చుని ఉంది. పొద్దుటి నుంచి ఎదురుచూసి ఆ పిల్ల మొహం వాడిపోయింది. నరసింగం నాన్న చేసినట్టే దణ్ణం పెట్టి, పెట్టె తెరిచాడు. లోపల ఎర్ర ముక్కలు, ఆకుపచ్చ ముక్కలు. పిల్ల కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

ఇంటి పెద్దావిడ వెంకాయమ్మకి ఒళ్ళు మండింది. "ఇప్పుడు పిల్ల చేతికి ఏం తొడుగుతావురా? నీ మొహమా?"

నరసింగానికి ప్రాణం లేచొచ్చింది. నాన్న పేరు కోసం ఆ మాత్రం ఇవ్వలేడా! అద్దం ఎత్తి చూసుకున్నాడు. మొహం అందులోనే ఉంది. రెండు చేతులతో పిల్లకి అందించాడు. "తీసుకో తల్లీ, నా మొహం. కాస్త మాసింది, ఏమీ అనుకోకు."

పిల్ల పకపకా నవ్వింది. నవ్వీ నవ్వీ పొట్ట పట్టుకుంది. వెంకాయమ్మ కూడా కొంగు అడ్డం పెట్టుకుంది. ఈలోగా మంగతాయారు పెట్టె అడుగున చెయ్యి పెట్టి వెతికితే, చీర గుడ్డలో చుట్టినవి రెండు చేతులకీ సరిపడా గాజులు చెక్కుచెదరకుండా దొరికాయి. శుభమా అని తొడిగేశారు. నాన్న పేరు నిలబడింది.

నరసింగం మురిసిపోతూ పిల్ల చేతిలోని అద్దంలోకి పక్క నుంచి తొంగిచూశాడు. అందులో పద్మలీల మొహం ఉంది. అతని మొహం లేదు!

"తమ్ముడూ, నిజంగానే ఇచ్చేశానురా!" అని కుప్పకూలాడు.

ఇచ్చినది తిరిగి అడిగితే మర్యాద కాదు కదా. మొహం లేనివాడికి కళ్ళెక్కడివని కళ్ళు గట్టిగా మూసుకున్నాడు. కోటిలింగం చెయ్యి పట్టుకుని నడిపించుకుంటూ ఊళ్ళోకి తీసుకొచ్చాడు. బడ్డీకొట్టు రంగారావు చూసి, "ఏం నరసింగం, ఇన్నిసార్లు పిలిచినా పలకవేం?" అని అడిగాడు.

"ఎలా పలకమంటావు రంగారావూ?" అన్నాడు నరసింగం బావురుమంటూ. "మొహమే లేదు. ఇక నోరెక్కడిది?"