మంగతాయి బయల్దేరింది

కాలవగట్టుకి ఇవతల కొబ్బరితోట. తోటలో రేకుల షెడ్డు. షెడ్డు ముందు గేదె పాపాయమ్మని కట్టే గుంజ, దాని పక్కన గడ్డివాము, వాము నీడలో వీర్రాజు అనే కుక్క పడుకునే గోనెపట్టా. షెడ్డు లోపల గోడవారగా గడ్డి పరిచిన వెదురు గంప ఒకటుంది. ఆ గంపలో పదకొండు గుడ్ల మీద కోడిపెట్ట మంగతాయి పొదుగుకి కూర్చుంది.

కూర్చుంది అనడం కూడా కొంచెం ఎక్కువే. లేస్తూ కూర్చుంటూ ఉంది.

మంగతాయి చెడ్డ పెట్ట కాదు. పిల్లలంటే ప్రాణం. కానీ ఎక్కడ చిన్న అలికిడైనా అదేమిటో చూసి రాకపోతే ఆవిడకి ఊపిరాడేది కాదు. కాళ్ళు తమంతట తామే గంప అంచు మీదికి వచ్చేసేవి. దానికి తోడు చంద్రకాంతం అనే గోరింక ఒకతి. పొద్దున్న లేస్తే కంచె మీద వాలి, "విన్నారా, విన్నారా!" అని మొదలుపెట్టేది.

"విన్నారా! గేటు దగ్గర నూకల సంచి చిరిగింది!"

"విన్నారా! మేకకీ టర్కీ కోడికీ మాటల్లేవు!"

"విన్నారా! పక్కతోటలోకి కొత్త కుక్క వచ్చింది, దానికి తోక లేదు!"

ప్రతిదానికీ మంగతాయి లేచేది. "ఒక్క నిమిషం అత్తా, ఇలా చూసి అలా వచ్చేస్తా" అని పాపాయమ్మతో చెప్పి పరిగెత్తేది. అక్కడికి వెళ్తే నూకల సంచి అప్పటికే కుట్టేసి ఉండేది. మేకా టర్కీ కలిసి ఆకులు తింటూ ఉండేవి. తోక లేని కుక్కని చూద్దామని వెళ్తే, అది తోకని కాళ్ళ మధ్య దాచుకుని నిద్రపోతూ కనిపించేది. ఉసూరుమంటూ తిరిగొచ్చేసరికి గుడ్లు చల్లబడేవి.

పోయినసారి పన్నెండు గుడ్లకి మూడే పిల్లలయ్యాయి. మిగిలినవి మురిగిపోతే తోట యజమాని భార్య వాటిని తీసుకెళ్ళి ఎరువుగోతిలో పారేసింది. అప్పుడు మంగతాయి రెండు రోజులు గింజ ముట్టలేదు. ఈసారి పొదుగు దిగేదాకా కదిలేది లేదని ఒట్టు పెట్టుకుంది. ఆ ఒట్టు నాలుగో రోజుకే వదులైంది.

"ఏమే అమ్మాయ్, ఇప్పుడెవరు పిలిచారని లేచావు?" అని ఒకరోజు పాపాయమ్మ అడిగింది.

"చంద్రకాంతం పిలవలేదూ?"

"చంద్రకాంతం పొద్దుటినుంచీ ఇటు రాలేదు."

"నాకు వినిపించింది అత్తా! విన్నారా అన్నట్టే వినిపించింది!"

"ఎవరూ పిలవకుండానే వినిపిస్తోందంటే ఆ రోగం చెవిది కాదు, నీది" అంది పాపాయమ్మ, నెమరు ఆపకుండా.

మంగతాయికి సిగ్గేసింది. కూర్చుంది. మెడ కుడివైపు తిప్పింది, ఎడమవైపు తిప్పింది. ఓ గుడ్డుని అటు జరిపి మళ్ళీ ఇటు జరిపింది. ఇంతలో బయట ఏదో కొబ్బరాకు రాలింది. మంగతాయి గంప అంచు మీద ఉంది.

ఇదంతా గట్టవతల మొగలిపొదల్లోంచి శేషావతారం అనే నక్క చాలా రోజులుగా గమనిస్తోంది. తోటలోకి రావాలంటే వీర్రాజు భయం. కోడే తనంతట తాను గట్టు దాటి వస్తే ఏ గొడవా లేదు. అందుకని అది చంద్రకాంతాన్ని పట్టుకుంది. ఏమని పట్టుకుందో మంగతాయికి చాలా తర్వాత తెలిసింది.

"చంద్రకాంతమ్మా, నీ గొంతు మామూలు గొంతు కాదు" అందట నక్క. "కానీ కంచె మీదనుంచి చెబితే కంచె దగ్గరి వాళ్ళే వస్తారు. అందులో నీ గొప్పేముంది? గడ్డివాము మీదనుంచి పిలిచి చూడు. తర్వాత నూతి గట్టు మీదనుంచి. ఎంత దూరంనుంచి పిలిస్తే అంత దూరం జనం వచ్చారా, అప్పుడు తెలుస్తుంది నువ్వేమిటో."

తన మాట ఎంతమంది వింటున్నారో లెక్క చూసుకోనిదే చంద్రకాంతానికి ముద్ద దిగదు. మర్నాటినుంచి ఆవిడ కొంచెం కొంచెం దూరం జరిగింది. మేకకి రెండోరోజే విసుగొచ్చి మానేసింది. టర్కీ నూతిదాకా వచ్చి ఆగిపోయింది. మంగతాయి ఒక్కతే గడ్డివాము దాటింది, నుయ్యి దాటింది, పాకం పట్టిన బెల్లానికి చీమ వెళ్ళినట్టు కొబ్బరిచెట్ల మధ్య నీటి బోదెల వెంట వెళ్ళి వెళ్ళి గట్టుకి పదడుగుల దూరం వరకూ వచ్చింది.

ఇరవయ్యొకటో రోజు పొద్దున్న తోట యజమాని ట్రాక్టరు మీద కొబ్బరికాయల లోడు వేసుకుని వెనక దారిన పట్నం వెళ్ళాడు. వీర్రాజు ఎగిరి లోడు మీదెక్కి కూర్చుంది. కాసేపటికి గట్టు మీదనుంచి కేక వినిపించింది.

"విన్నారా! విన్నారా! ఇలాంటిది మీ జన్మలో చూసి ఉండరు! గట్టవతలికి రండి, త్వరగా!"

మంగతాయి లేచింది. ఒక కాలు గంప అంచు మీద పడింది. రెండో కాలు గాల్లో ఉంది.

అప్పుడు కిందనుంచి చప్పుడైంది. చాలా సన్నటి చప్పుడు. "కీచ్."

మంగతాయి ఆగింది. మళ్ళీ "కీచ్." గుడ్డు లోపలనుంచి. పోయినసారి పిల్లలు బయటపడినప్పుడు కూడా ఆవిడ ఎక్కడో తిరుగుతోంది. గుడ్డులోంచి బిడ్డ పిలుస్తుందని ఆవిడకి ఇన్నాళ్ళూ తెలియదు. కాలు వెనక్కి తీసుకుని మెల్లిగా కూర్చుంది. "కొక్" అంది, గొంతు దించి. లోపలనుంచి జవాబొచ్చింది.

కొంతసేపటికి చంద్రకాంతమే రొప్పుతూ షెడ్డులోకి వచ్చింది.

"ఏం వదినా, ఎన్నిసార్లు పిలిచినా రావేం? అవతల అందరూ ఎదురు చూస్తున్నారు!"

"అందరూ అంటే ఎవరే?"

"శేషావతారంగారు లేరూ! ఆయనైతే మరీ. మంగతాయి వచ్చిందా, మంగతాయి బయల్దేరిందా అని నన్ను నిలవనివ్వడం లేదు. నా మాటలకి ఆయనంత విలువ ఇచ్చేవాళ్ళు ఈ తోటలో ఒక్కళ్ళు లేరు."

మంగతాయి ఈకలన్నీ లేచి నిలబడ్డాయి. నక్కకి తన రాకతో పనేమిటో ఎవరూ విడమరచి చెప్పక్కర్లేదు. నోటిదాకా వచ్చిన కేకని మింగేసింది. కేకేస్తే వచ్చేదెవరు? వీర్రాజు పట్నంలో ఉంది. పాపాయమ్మ మెడకి తాడుంది. కుక్క లేదన్న సంగతి నక్కకి తెలిస్తే గట్టవతల కూర్చోదు, తిన్నగా గంప దగ్గరికే వస్తుంది. ఆ సంగతి ఈ చంద్రకాంతం నోట్లోనే ఉంది. పొద్దుటి కబురు పాతదైపోయిందని ఊరుకుంది గానీ, నోటికి కాస్త తీరిక దొరికితే అదీ చెప్పేస్తుంది.

మంగతాయి పాపాయమ్మ వైపు చూసింది. పాపాయమ్మ నెమరు ఆపేసింది.

"ట్రాక్టరు భోజనాల వేళకి వచ్చేస్తుంది" అంది గేదె, గాలితో అన్నట్టు.

మంగతాయి గొంతు సవరించుకుంది. "అయ్యో, అంత పెద్దాయన్ని కూర్చోబెట్టానా! బయల్దేరానని చెప్పు చంద్రకాంతం. రెక్కలు దులుపుకోవడమే ఆలస్యం. రెండు నిమిషాలు."

"ఇంకా గంపలోనే ఉన్నావుగా?"

"నువ్వెళ్ళి చెప్పేలోపు నేనక్కడుంటాను."

చంద్రకాంతం రివ్వున ఎగిరిపోయింది. మంగతాయి కింద మరో గుడ్డు కదిలింది. ఒక పెంకు మీద సన్నటి గీత పడింది.

చంద్రకాంతం తిరిగొచ్చింది. "ఎక్కడిదాకా వచ్చావని అడుగుతున్నారు."

"గడ్డివాము దగ్గరున్నానని చెప్పు."

"లేవుగా!"

"చెప్పవే తల్లీ, ఆయన మనసు కష్టపెట్టడం ఎందుకు?"

చంద్రకాంతానికి కూడా ఆయన మనసు కష్టపెట్టడం ఇష్టం లేదు. వెళ్ళి అలాగే చెప్పింది. మళ్ళీ వచ్చింది.

"ఇంకా రాలేదేమని..."

"దార్లో బాతు కనబడింది. పలకరించకుండా వస్తే ఏమనుకుంటుంది? అయిపోయింది, వచ్చేస్తున్నా."

ఇంకోసారి వచ్చింది. నూతి దగ్గర మలుపు తిరిగానంది మంగతాయి. మరోసారి వచ్చింది. కాలిలో ముల్లు దిగింది, తీసుకుంటున్నానంది. ఎండ రేకుల మీదికి ఎక్కింది. దాహం. ఆకలి. మొదటి పిల్ల పెంకు పగలగొట్టుకుని తడిసిన ముద్దలా బయటపడి పొట్ట కింద దూరింది. దాని వెనకే రెండోది.

"ఆయన ఎలా ఉన్నాడే?" అని అడిగింది మంగతాయి, ఏమీ ఎరగనట్టు.

"ఎలా ఉంటారు? లేస్తారు, కూర్చుంటారు. పొదలోంచి తల పెట్టి చూస్తారు, మళ్ళీ లోపలికి వెళ్తారు. మళ్ళీ చూస్తారు. పొద్దుటినుంచీ ఏమీ తినలేదట. వెళ్ళిపోదామని రెండుసార్లు లేచారు కూడా. నువ్వు నూతి దాటావని నేను చెబితే మళ్ళీ కూర్చున్నారు. ఇంత దగ్గరికొచ్చాక ఎలా వెళ్తాను అంటున్నారు."

"వెళ్ళనివ్వకు. గట్టు కనబడుతోందని చెప్పు."

గట్టు కనబడుతోందనేసరికి శేషావతారానికి ఆగడం చేతకాలేదు. పొదలు వదిలేసి గట్టెక్కింది. నట్టెండలో నాలుగు కాళ్ళ మీద నిలబడి, మెడ సాచి, బోదెల వెంట ఆ చివరనుంచి ఈ చివరకి చూసింది.

"ఏదీ? ఎక్కడుందీ?"

"దార్లో ఉందండీ" అంది చంద్రకాంతం.

సరిగ్గా అప్పుడే వెనక దారిలో ట్రాక్టరు మలుపు తిరిగింది. ఖాళీ ట్రాలీ మీద నిలబడి ఉన్న వీర్రాజుకి, పచ్చటి గట్టు మీద ఎర్రటి నక్క కనబడటానికి వెతుక్కోవాల్సిన పని లేకపోయింది.

షెడ్డులో ఉన్న మంగతాయికి ముందు మొరుగుడు వినిపించింది. తర్వాత కొబ్బరిమట్టల మీద పరుగులు, ఒక ఊళ, నీళ్ళలో ఏదో పడిన చప్పుడు, జనం అరుపులు. తోటలో ఉన్న జీవాలన్నీ గట్టు వైపు పరిగెత్తాయి. తాడు తెగేలా లాగి పాపాయమ్మ కూడా మెడ సాచింది. ఇన్నేళ్ళలో ఇంత చూడదగ్గ తమాషా ఆ తోటలో జరగలేదు. మంగతాయి మెడ దానంతటదే పైకి లేచింది. కాళ్ళు బిగుసుకున్నాయి. కళ్ళు గట్టిగా మూసుకుంది. పొట్ట కింద నాలుగో పిల్ల పెంకుతో పెనుగులాడుతోంది. ఆవిడ ఈకలు ఇంకాస్త విప్పుకుని కూర్చుంది.

బాతు వచ్చి కథంతా చెప్పింది. వీర్రాజు నక్క తోక పట్టుకుందట. సగం తోక నోట్లోనే ఉండిపోయిందట. మిగిలిన నక్క కాలవలో పడి, నాచులో దొర్లి, అవతలి ఒడ్డుకి ఈదిందట. "నువ్వొస్తే ఎంత బాగుండేదీ!" అంది బాతు.

"నువ్వు చెప్పావుగా, చాల్లే" అంది మంగతాయి. నిజానికి చాల్లేదు. ఆ నాచులో దొర్లడం ఎలా ఉందో కళ్ళారా చూడలేదే అని తర్వాత చాలా రోజులు బాధపడింది.

సాయంత్రానికి తొమ్మిది పిల్లలయ్యాయి. రెండు గుడ్లు పనికిరాకుండా పోయాయి. ఆ రెండూ ఏ రోజు ఏ కబురు కోసం చల్లబడ్డాయో ఆవిడకి గుర్తు రాలేదు. ఎంత ఆలోచించినా ఒక్క కబురూ గుర్తు రాలేదు.

అవతలి ఒడ్డున చెరుకుతోటలో శేషావతారం ఆకలితో, సగం తోకతో, ఒళ్ళంతా బురదతో పడుకుంది. పొద్దున్నే లేచి ఒక ఎండ్రకాయని పట్టుకుని ఉంటే ఈపాటికి కడుపు నిండి ఉండేది. ఇదిగో వస్తోందన్న కోడి కోసం రోజంతా కూర్చుని, ఉన్న తోకలో సగం కూడా పోగొట్టుకుంది.

నీతి: పిలిచిన ప్రతిసారీ లేచేవాళ్ళని పట్టుకోవడానికి వల అక్కర్లేదు, పిలుపు చాలు.