హైమావతి మూడుసార్లు చెప్పిన మాట

నీలాద్రిరావుకు చెవులు వినిపించడం మానేసి రెండేళ్ళు దాటింది. ఎడమ చెవి పూర్తిగా పోయింది. కుడి చెవి దగ్గరికొచ్చి ఎవరైనా గట్టిగా అరిస్తే నీళ్ళ అడుగు నుంచి వచ్చినట్టు ఏదో వస్తుంది. డాక్టరు ఒక యంత్రం ఇప్పించాడు. అది పెట్టుకుంటే ఫ్యాను రొద, గిన్నెల మోత తప్ప మనిషి మాట తేలేది కాదు. పైగా అది చెవికి అంటుకుని అందరికీ కనిపిస్తుంది. దాన్ని బీరువాలో బట్టల కింద పెట్టి తాళం వేశాడు.

ఈ సంగతి ఎవరికీ తెలియకూడదు. ఆయనకు అదొక్కటే పట్టుదల.

ముప్పై నాలుగేళ్ళు విశ్వవిద్యాలయంలో కెమిస్ట్రీ చెప్పిన మనిషి. నోటి పరీక్షలో పిల్లలు గొణిగితే, గొంతు లేనివాడికి చదువెందుకని బయటికి పంపిన మనిషి. అలాంటివాడు ఇప్పుడు ఒకడి ముందు చెవి ఒగ్గి, ఏమన్నారండీ అని అడగాలి. అది ఆయన వల్ల అయ్యే పని కాదు.

అందుకని ఒక ఉపాయం కనిపెట్టాడు. ఎదుటివాడికి సందివ్వకుండా తానే మాట్లాడటం. మాట్లాడేవాణ్ణి వినమని ఎవరూ అడగరు. తప్పనిసరై అవతలి మనిషి నోరు కదిపితే, తల ఊపి "అవునవును, నిజమే" అనేవాడు. పదిసార్లలో ఎనిమిదిసార్లు అది సరిపోయేది. లోకంలో చాలా మాటలు ఆ జవాబు కోసమే పుడతాయని ఆయనకు ఈ వయసులో తెలిసింది.

భార్య పోయి ఆరేళ్ళయింది. ఇంట్లో ఆయన ఒక్కడే. నాలుగు మొహాలు చూడాలంటే విశ్రాంత ఉద్యోగుల సంఘానికి రావాలి. విశ్వవిద్యాలయం వెనక పాత పోస్టాఫీసు భవనంలో వాళ్ళకు రెండు గదులిచ్చారు. ముందు గదిలో క్యారమ్ బల్ల, దినపత్రికలు. వెనక గదిలో తరగతులు. సోమవారం మోకాళ్ళ నొప్పుల మీద ఎవరో ఒకరి ప్రసంగం, శుక్రవారం పాత పాటలు. ఆ రెండింటికీ ఆయన వెళ్ళేవాడు కాదు. బుధవారం నాలుగింటికి పైడయ్య తరగతి. దానికి మాత్రం మూడున్నరకే వచ్చి కూర్చునేవాడు.

పైడయ్య కెమిస్ట్రీ స్టోర్సులో అటెండరుగా చేసి రిటైరైనవాడు. కొండ దిగువన ఏదో పల్లెలో ఒక గురువు దగ్గర చాలాకాలం కూర్చుని వచ్చాడని చెప్పుకునేవారు. ఆ సంగతి ఎవరైనా అడిగితే నవ్వి ఊరుకునేవాడు. ఆయన తరగతిలో పాఠం ఉండదు. అందరినీ గుండ్రంగా కూర్చోబెట్టి అరగంట మౌనంగా ఉండమంటాడు. ఆ తర్వాత ఎవరి మనసులో ఉన్నది వాళ్ళు చెప్పుకోవచ్చు. మిగతావాళ్ళు వినాలి. మరీ పట్టుబట్టి అడిగితే ఆయన ఒక్క మాట అంటాడు. మొదట్లో వేళాకోళానికి గురువుగారూ అని పిలిచినవాళ్ళే రానురాను నిజంగానే అలా పిలవసాగారు.

తన దగ్గర సీసాలు మోసినవాడు ఏం చెబుతాడో చూద్దామని నీలాద్రిరావు మొదట వచ్చాడు. ఆ తర్వాత ఒక్క వారమూ మానలేదు. కారణం ఎవరికీ చెప్పలేదు. ఆ అరగంట ఎవరూ ఏమీ మాట్లాడరు. ఆ అరగంటా ఆయనకూ మిగతావాళ్ళకూ తేడా లేదు. వారం మొత్తంలో ఆయన భయం లేకుండా కూర్చునేది అప్పుడే.

మౌనం అయిపోగానే భయం తిరిగొచ్చేది. ఎవరూ తనవైపు తిరగకముందే మొదలుపెట్టేవాడు. అక్కడ ఏ మాట నడుస్తున్నా సరే, అణువుల గురించో ఆమ్లాల గురించో, తరగతి గదిలో అలవాటైన లెక్కకు సరిగ్గా యాభై నిమిషాలు చెప్పేవాడు. సంఘం కార్యదర్శి ఇమ్మానుయేలు, పరీక్షల విభాగంలో సెక్షన్ ఆఫీసరుగా చేసినవాడు, గంట కొట్టేవాళ్ళు లేకపోయాక ఈ మాస్టారిని ఆపేదెవరండీ అని నవ్వేవాడు. అందరూ నవ్వేవారు. వాళ్ళు నవ్వడం చూసి నీలాద్రిరావూ నవ్వేవాడు.

ఒక బుధవారం హైమావతి నోరు విప్పింది. లైబ్రరీలో అసిస్టెంటుగా రిటైరైన మనిషి. ఆరు నెలలుగా వస్తున్నా ఒక్క మాటా మాట్లాడి ఎరగదు. ఆ రోజు మౌనం అయ్యాక తల దించుకుని, కొంగు వేలికి చుట్టుకుంటూ తన చెల్లెలి సంగతి మొదలుపెట్టింది. ఇద్దరూ పెళ్ళిళ్ళు చేసుకోలేదు. నలభై ఏళ్ళు ఒకే పొయ్యి మీద వండుకున్నారు. చెల్లెలు ఆసుపత్రిలో పదకొండు రోజులుండి పోయింది. ఆఖరి రోజున కాస్త పెరుగన్నం పెట్టవే అక్కా అని అడిగింది. డాక్టర్లు వద్దన్నారని ఈవిడ పెట్టలేదు. చెల్లెలు పోయాక ఆ మాట బయటికి తేవడానికి హైమావతికి మూడు వారాలు పట్టింది.

తల వంచుకుని ఉండటం వల్ల ఆవిడ పెదవులు నీలాద్రిరావుకు కనపడలేదు. గదిలో ఎవరూ కదలడం లేదు. ఎవరు మొదలుపెడతారా అని అందరూ చూస్తున్నారనుకున్నాడు. గొంతు సవరించుకుని నీటి ఆవిరి గురించి చెప్పడం మొదలుపెట్టాడు.

హైమావతి ఆగిపోయింది. లేచి, చెప్పులేసుకుని వెళ్ళిపోయింది. ఏదో పని గుర్తొచ్చి వెళ్ళి ఉంటుందని ఆయన అనుకున్నాడు.

బయట మెట్ల మీద ఇమ్మానుయేలు ఆయన్ని పట్టుకున్నాడు. మనిషి చెల్లెలు పోయి ఏడుస్తుంటే మీ పాఠం మీదేనా మాస్టారూ అన్నాడు. వచ్చే వారం నోరు కట్టుకు కూర్చోకపోతే విషయం కమిటీలో పెడతానన్నాడు. నీలాద్రిరావు ఆ మొహం వంక చూశాడు. ఇది పొగడ్త కాదని మాత్రం తెలిసింది. "అవునవును, నిజమే" అని ఇమ్మానుయేలు భుజం తట్టి ఇంటికి వెళ్ళిపోయాడు.

తర్వాతి బుధవారం హైమావతి రాలేదు. నీలాద్రిరావు వచ్చాడు. యాభై నిమిషాలు చెప్పాడు.

శనివారం పొద్దున నోటీసు బోర్డు మీద కమిటీ సమావేశం ఎజెండా అంటించి ఉంది. రిటైరై పదేళ్ళయినా ఆ మనుషులకు ఎజెండా లేకుండా టీ తాగడం కూడా చేతకాదు. ఒకటి, ఫ్యాను మరమ్మతు. రెండు, విహారయాత్ర. మూడు, బుధవారం తరగతి నుంచి నీలాద్రిరావు గారిని తప్పించు విషయం.

కళ్ళు బాగానే ఉన్నాయి ఆయనకు. రెండుసార్లు చదివాడు. పత్రికలు చూస్తున్నవాళ్ళు తల ఎత్తకుండా ఉండటానికి కష్టపడటం కూడా చూశాడు.

ఇంటికి వెళ్ళి నాలుగు రోజులు ఆలోచించాడు. తానేం చేశాడు? ఎవరినైనా అడగొచ్చు. అడిగితే చెబుతారు. చెప్పింది ఎలా వినడం? ఆ ఆలోచన అక్కడికి వచ్చి ఆగిపోయేది. వంట మనిషి వచ్చి ఏదో అడిగితే అవునవును అన్నాడు. ఆ పూట ఆమె ఏమీ వండకుండా వెళ్ళిపోయింది.

కమిటీలో పెద్దగా వాదన జరగలేదు. అందరూ చేతులెత్తారు. ఉత్తరం టైపు చేయించారు. అది ఇవ్వాల్సింది ఎవరని వచ్చినప్పుడు మాత్రం అందరూ ఫ్యాను వైపు చూశారు. చివరికి, తరగతి గురువుగారిది గనక ఆయన చేత్తో ఇస్తేనే మర్యాదగా ఉంటుందని తేల్చి, ఇమ్మానుయేలు దాన్ని పైడయ్యకు అప్పజెప్పాడు. పైడయ్య కాదనలేదు. కవరు తీసుకుని, హైమావతమ్మను కూడా ఆ రోజు రమ్మనండి అని మాత్రం అన్నాడు.

బుధవారం నీలాద్రిరావు వచ్చాడు. రాకుండా ఉంటే బాగుండేదని దారి పొడుగునా అనుకున్నాడు. కానీ ఆ అరగంట ఆఖరిసారి కూర్చోవాలనిపించింది. మధ్యాహ్నం నుంచి ముసురు పట్టి గది చీకటిగా ఉంది. నేల మీద కూర్చున్న పైడయ్య మోకాలి పక్కన పొడుగాటి కవరు ఉంది. అలాంటి కవర్లు నీలాద్రిరావు తన చేత్తో ఎన్నో ఇచ్చాడు గనక, లోపల ఏముందో ఆయనకు చదవనక్కర్లేకపోయింది.

మౌనం మొదలైంది. అయిపోయింది. ఎప్పుడైపోయిందో ఆయన పక్కవాళ్ళ కాళ్ళ కదలికను బట్టి తెలుసుకునేవాడు. ఈసారి గొంతు సవరించుకోలేదు. కవరు కోసం కాచుకు కూర్చున్నాడు. ఇమ్మానుయేలు పైడయ్య వైపు చూస్తున్నాడు. హైమావతి కిటికీ వైపు చూస్తోంది.

పైడయ్య కవరు ముట్టుకోలేదు. గుడ్డ సంచిలోంచి ఒక పలక తీశాడు. చెక్క అంచు ఒకవైపు ఊడి, తాడుతో కట్టి ఉంది. ఆయన రాత్రి బడిలో అక్షరాలు దిద్దుకున్న పలక అది. అప్పటికి ఆయన వయసు నలభై ఆరు.

ఒళ్ళో పెట్టుకుని బలపంతో రాశాడు. ఒక్కొక్క అక్షరమే రాసుకుంటూ పోయాడు. అందరూ చూస్తూ కూర్చున్నారు. రాయడం అయ్యాక లేచి వచ్చి, నీలాద్రిరావు కుర్చీ ముందు నేల మీద గొంతుక్కూర్చుని, ఇంకెవరికీ కనపడకుండా పలక ఆయన చేతికిచ్చాడు.

"సార్, మీ దగ్గర ఇరవై రెండేళ్ళు చేశాను. అప్పుడు నాకు చదవడం రాదు. మీకు తెలుసా?"

నీలాద్రిరావు చదివాడు. మళ్ళీ చదివాడు.

ఆయనకు స్టోర్సు గది గుర్తొచ్చింది. ఒక వేసవిలో సున్నాలు వేస్తూ సీసాలన్నీ చోటు మార్చారు. ఆ మర్నాడు పైడయ్య ఒకటి అడిగితే మరొకటి తెచ్చాడు. సీసా మీద చీటీ కనపడలేదా అని అందరి ముందూ కడిగేసి, మెమో రాసి, నా ఎదురుగా చదివి సంతకం పెట్టు అన్నాడు తను. పైడయ్య ఆ కాగితం వైపు, చదివేవాడికి ఎంతసేపు పడుతుందో అంతసేపూ చూశాడు. చూసి తల ఊపి, చిత్తం సార్ అన్నాడు. ఎంత నిర్లక్ష్యం వీడికి అనుకున్నాడు తను. ఇరవై రెండేళ్ళలో ఆ తల అలా ఊగడం ఎన్నిసార్లు చూశాడో లెక్కలేదు.

ఇప్పుడు ఆ మనిషి తన మోకాళ్ళ దగ్గర కూర్చుని పైకి చూస్తున్నాడు.

"తెలియదు" అన్నాడు నీలాద్రిరావు పైకి.

దేనికి తెలియదన్నాడో గదిలో ఎవరికీ అర్థం కాలేదు. పైడయ్య అరచేత్తో పలక తుడిచాడు. పలకనూ బలపాన్నీ ఆయన ఒళ్ళో పెట్టి, వెళ్ళి తన చోట కూర్చున్నాడు. కవరు అలాగే నేల మీద ఉంది.

నీలాద్రిరావు ఒళ్ళోని పలకను చేతిలోకి తీసుకున్నాడు. తర్వాత లేచి నిలబడ్డాడు. పాఠం చెప్పడానికి లేచాడనుకుని ఇమ్మానుయేలు కుర్చీ ముందుకు జరుపుకున్నాడు.

"నాకు చెవులు వినపడవు" అన్నాడు నీలాద్రిరావు. గొంతు ఎంత పైకి వెళుతోందో ఆయనకు తెలియడం లేదు. "రెండేళ్ళయింది. మీరందరూ ఏం మాట్లాడుకుంటారో నాకు ఒక్క ముక్క తెలియదు. నేనేం తప్పు చేశానో కూడా తెలియదు. ఎవరైనా చెప్పండి."

మెట్ల మీద తాను పెట్టిన చీవాట్లన్నీ ఎక్కడికి పోయాయో ఇమ్మానుయేలుకు అప్పుడు తెలిసింది.

హైమావతి కిటికీ వైపు నుంచి తల తిప్పింది. ఆవిడ పెదవులు కదిలాయి.

రెండేళ్ళ అలవాటు. నీలాద్రిరావు మెడ దానంతటదే ఊగబోయింది. గట్టిగా బిగబట్టాడు.

"వినపడలేదమ్మా" అన్నాడు.

ఆవిడ లేచి వచ్చి ఎదురుగా నిలబడి మళ్ళీ చెప్పింది. ఆయన చెయ్యి చెవి వెనక పెట్టుకున్నాడు. ముందుకు వంగాడు. ఆవిడ ఊపిరి తగిలింది గానీ మాట అందలేదు. చేతిలోని పలకను ఆవిడ వైపు చాచాడు.

హైమావతి పలక వైపు చూసింది. తీసుకోలేదు. ఇంకో అడుగు వేసి, ఆయన కుడి చెవి దగ్గరికి వచ్చి, బతుకంతా లైబ్రరీలో చప్పుడు చెయ్యకుండా తిరిగిన ఆ మనిషి, మెడ నరాలు తేలేలా అరిచింది.

"మా చెల్లి చచ్చిపోయింది. ఆకలేస్తోంది అక్కా అంది. నేను పెట్టలేదు."

ముందు గదిలో క్యారమ్ ఆడుతున్నవాళ్ళు ఆట ఆపి, గుమ్మంలోకి వచ్చి నిలబడ్డారు. హైమావతి రొప్పుతోంది. పడిపోకుండా ఆయన కుర్చీ వీపు పట్టుకుంది.

"వినపడిందమ్మా" అన్నాడు నీలాద్రిరావు.